డ్యూస్ ఆపొద్దు, హియరింగ్ అడగండి

ప్రశ్న: డాలస్‌కి ఉత్తరాన ఒక ఊళ్లో నాలుగేళ్ల కిందట ఇల్లు కొన్నాం. గేటెడ్ సబ్‌డివిజన్. పోయిన వేసవిలో సిటీ నీళ్ల మీద ఆంక్షలు పెట్టింది. లాన్ వారానికి ఒక్కసారే తడపాలన్నారు. గడ్డి ఎండిపోయింది. ఎండిందని హెచ్ఓఏ, అంటే మా ఇళ్ల ఓనర్ల సంఘం వాళ్లు, వయొలేషన్ లెటర్ పంపారు. ఊరి నుంచి వచ్చిన మా అత్తయ్య గారు ఇంటి పక్క గోడవారగా ఆనపపాదు పెట్టి, కర్రలతో పందిరి వేయించుకున్నారు. దానికి ఇంకో లెటర్. రెండిటికీ కలిపి 350 డాలర్లు ఫైన్. మావారికి ఒళ్లు మండి, "వీళ్లకి ఇక పైసా కట్టను" అని హెచ్ఓఏకి మూడు నెలలకోసారి కట్టే డ్యూస్ రెండు క్వార్టర్లవి, 840 డాలర్లు, ఆపేశారు. ఇప్పుడు లాయర్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. వాళ్ల ఫీజు 550 కలిపి మొత్తం 1,740 డాలర్లు కట్టాలట. లేకపోతే ఇంటి మీద లీన్, అంటే బాకీ తీరేదాకా ఇంటి మీద వాళ్లకుండే హక్కు, వేస్తారట.

ఇంకో సంగతి. మా వీధిలో పెద్ద గుంత పడింది. సిటీకి ఫోన్ చేస్తే "అది ప్రైవేట్ రోడ్డు, మీ హెచ్ఓఏని అడగండి" అన్నారు. ఏటా వేలకు వేలు ప్రాపర్టీ టాక్స్ కడుతున్నాం కదా, అది దేనికి? తన పాదు వల్లే ఇదంతా అని అత్తయ్య గారు కుమిలిపోతున్నారు. ఇల్లు అమ్మేసి వెళ్లిపోదామా అనిపిస్తోంది. ఏం చెయ్యమంటారు?

— ఒక పాఠకురాలు, టెక్సస్

సమాధానం:

అమ్మా,

ముందు డబ్బు సంగతి తేల్చుకుందాం. ఆ 840 డాలర్ల డ్యూస్ ఈ వారంలోనే కట్టేయండి. మీవారి కోపం నాకు అర్థమైంది. సిటీ నీళ్లు పొయ్యొద్దంటుంది, హెచ్ఓఏ పచ్చగా ఉంచమంటుంది. ఎవరికైనా మండుతుంది. కానీ డ్యూస్ ఆపితే వాళ్లకు తగిలే దెబ్బ ఏమీ లేదు. మీ ఇంటి మీదికి వచ్చే దారి మాత్రం మీరే తెరిచి ఇచ్చినట్టవుతుంది.

ఎందుకంటే, లాయర్ ఉత్తరంలో 1,740 అని ఒకే అంకె ఉన్నా, టెక్సస్ చట్టం లెక్కలో అవి మూడు వేరువేరు బాకీలు. ఫైన్లు ఒకటి, డ్యూస్ ఒకటి, లాయర్ ఫీజు ఒకటి. టెక్సస్ ప్రాపర్టీ కోడ్‌లో 209వ అధ్యాయం అని ఒకటుంది. ఇళ్ల ఓనర్లను హెచ్ఓఏల నుంచి కాపాడటానికి పెట్టిన చట్టమే అది. దాని ప్రకారం కేవలం ఫైన్ల కోసం, ఆ ఫైన్ల మీద అయిన లాయర్ ఖర్చు కోసం ఇంటిని వేలానికి పెట్టడం కుదరదు. డ్యూస్ బాకీకి మాత్రం కుదురుతుంది. మీవారు ఇల్లు పోని బాకీ మీద కోపంతో, ఇల్లు పోయే బాకీ పెట్టుకున్నారు. ఈ మాట ఆయనకు నెమ్మదిగా చెప్పండి.

భయపెట్టడానికి చెప్పడం లేదు. మీకు దగ్గర్లోనే ఫ్రిస్కోలో జరిగింది. ఒక సైనికుడు ఇరాక్‌లో డ్యూటీలో ఉండగా, వెయ్యి డాలర్లు కూడా లేని డ్యూస్ బాకీకి, సుమారు మూడు లక్షల డాలర్ల విలువ చేసే ఆయన ఇంటిని వేలం వేశారు. వేలంలో పలికింది 3,500 డాలర్లు. చివరికి ఆయన కుటుంబానికి ఇల్లు దక్కింది గానీ, దానికి కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చింది. అప్పట్లో కోర్టు ఆర్డర్ లేకుండానే వేలం వేసే వీలుండేది. ఆ తర్వాత 2011లో చట్టం మార్చారు. ఇప్పుడు కోర్టు ఆర్డర్ తప్పనిసరి. వేలం అయిపోయినా, ఆ సంగతి తెలుపుతూ హెచ్ఓఏ నోటీసు పంపిన రోజు నుంచి 180 రోజుల్లోపు బాకీ, ఖర్చులు కట్టి ఇల్లు వెనక్కి తీసుకునే హక్కు కూడా ఉంది. అంటే మీ ఇల్లు రేపే పోదు. కానీ అంతదాకా ఎందుకు తెచ్చుకోవాలి?

కట్టేటప్పుడు ఒక చిన్న కాగితం జత చెయ్యండి. "ఇది ఫలానా రెండు క్వార్టర్ల డ్యూస్. ఫైన్లను, లాయర్ ఫీజును నేను ఒప్పుకోవడం లేదు" అని రెండు వాక్యాలు చాలు. కేసు లాయర్ ఆఫీసుకు పోయింది కాబట్టి డబ్బు వాళ్లకే పంపండి, ఆ కాపీని హెచ్ఓఏ పనులు చూసే మేనేజ్‌మెంట్ కంపెనీకి పంపండి. రెండూ సర్టిఫైడ్ మెయిల్‌లోనే, మన రిజిస్టర్డ్ పోస్టు లాంటిది. మీరు ఇచ్చిన డబ్బును వాళ్లు ముందు ఫైన్ కింద జమ చేసుకుని "డ్యూస్ ఇంకా బాకీయే" అనడానికి లేదు. పాత డ్యూస్, తర్వాత ఇప్పటి డ్యూస్, అవి తీరాకే మిగతావి అని చట్టం వరస పెట్టింది. ఒకేసారి కట్టలేకపోతే వాయిదాలు అడగండి. 14 కంటే ఎక్కువ ఇళ్లున్న ప్రతి హెచ్ఓఏ, డ్యూస్ కట్టలేనివాళ్లకు కనీసం మూడు నెలల వాయిదా పద్ధతి పెట్టి తీరాలి.

లీన్ మాటకు కంగారు పడకండి. 2023లో వచ్చిన మార్పు ప్రకారం డ్యూస్ బాకీ గురించి మొదట మామూలు పోస్టులోనో ఈమెయిల్‌లోనో ఒక నోటీసు ఇవ్వాలి. కనీసం 30 రోజులు ఆగి రెండోది సర్టిఫైడ్ మెయిల్‌లో పంపాలి. ఆ రెండోది పంపిన 90 రోజుల తర్వాతే లీన్ కాగితం కౌంటీలో దాఖలు చెయ్యాలి. మీకు ఇవన్నీ వచ్చాయా? లాయర్ ఫీజు మీ మీద వేసేముందు కూడా బాకీ వివరం, వాయిదాల సంగతి రాసి, కట్టుకోవడానికి 45 రోజులు గడువిస్తూ సర్టిఫైడ్ మెయిల్ పంపాలి. ఆ ఉత్తరం రాకుండానే 550 వేసి ఉంటే, అది నిలబడుతుందో లేదో గట్టిగా అడగాల్సిందే.

ఇక్కడ ఒక మాట అడుగుతున్నాను, నిజం చెప్పండి. పోస్ట్‌మ్యాన్ తలుపుకు అంటించిపోయిన చీటీ ఏదైనా వదిలేశారా? నేను మా సబ్‌డివిజన్ హెచ్ఓఏ బోర్డులో ఉన్నప్పుడు కళ్లారా చూశాను. మనవాళ్లు చాలామంది సర్టిఫైడ్ మెయిల్ అంటే ఏదో గొడవ అని భయపడి తెచ్చుకోరు. తెచ్చుకోకపోయినా గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు ఫైన్లు. రెండూ ఒకటి కాదు. గడ్డి విషయంలో న్యాయం మీ వైపు ఉంది. పందిరి విషయంలో అంత గట్టిగా చెప్పలేను.

గడ్డికి ఏ తేదీన ఫైన్ వేశారో చూడండి. 2025 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో కొత్త నియమం అమల్లో ఉంది. నీళ్ల మీద ఆంక్షలున్నంత కాలం, అవి ఎత్తేశాక మరో 60 రోజుల దాకా, గడ్డి గోధుమరంగుకు తిరిగిందని ఫైన్ వెయ్యకూడదు. మీది ఆ తేదీకి ముందే అయినా వదలొద్దు. సిటీ ఆంక్షల కాగితం ప్రింట్ తీసి, "తడిపితే సిటీ ఫైన్, తడపకపోతే మీ ఫైన్, నేను దేన్ని పాటించాలి?" అని అడగండి. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. నీళ్లు తక్కువ తాగే మొక్కలు పెట్టుకుంటామంటే హెచ్ఓఏ పూర్తిగా కాదనకూడదని 2013 నుంచీ చట్టంలో ఉంది. ప్లాన్ చూపించమనొచ్చు, అకారణంగా తోసిపుచ్చకూడదు. వచ్చే వేసవికైనా ముందు భాగంలో కొంత గడ్డి తీసేసే ఆలోచన చెయ్యండి.

పందిరికి ముందుగా అనుమతి అడిగారా? అడిగి ఉండరు, మనకు తోచదు. ఇంటి పక్కన పాదు పెట్టుకోవడానికి ఎవరినో అడగాలని ఏ తెలుగు అత్తగారికి తెలుస్తుంది? కానీ ఇల్లు కొన్న రోజు మీరు సంతకాలు పెట్టిన కట్టలో ఆ ఊరి కట్టుబాట్లు ఉన్నాయి. వీధిలోకి కనిపించేలా ఏది కట్టినా ఆర్కిటెక్చరల్ కమిటీ ఒప్పుకోవాలని దాదాపు అన్నింట్లో రాసి ఉంటుంది. కాబట్టి పందిరి తప్పే కాదని వాదించొద్దు. నోటీసులో సరిచేసుకోవడానికి ఇచ్చిన గడువులోపు దాన్ని తీశారా లేదా అన్నది చూడండి. గడువులోపు తీసి ఉంటే ఫైన్ వెయ్యకూడదు, అది చట్టం. తీసిన రోజు ఫొటో ఫోన్‌లో ఉంటే అదే మీ సాక్ష్యం.

ఇవన్నీ చెప్పే చోటు హియరింగ్. ఫైన్ వేసేముందు బోర్డు ఎదుట మీ మాట చెప్పుకునే హక్కు మీకుంది. నోటీసు పంపిన 30 రోజుల్లో మీరు రాతపూర్వకంగా అడగాలి, అడిగిన 30 రోజుల్లో వాళ్లు పెట్టాలి. హియరింగ్‌కు పది రోజుల ముందే, మీ మీద చూపించబోయే ఫొటోలు, కాగితాలు అన్నీ మీకు పంపాలి. పంపకపోతే 15 రోజుల వాయిదా దానంతట అదే వస్తుంది. మీ నోటీసులో ఈ హియరింగ్ సంగతి, సరిచేసుకునే గడువు రెండూ ఉన్నాయో లేవో ఇవాళే చూడండి. లేకపోతే ఆ ఫైన్ పునాదే కదులుతుంది. 30 రోజులు దాటిపోయాయా? అయినా ఉత్తరం రాయండి. చాలా బోర్డులు వింటాయి. వాళ్లూ పగలు ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం జీతం లేకుండా కూర్చునే మనుషులే.

హియరింగ్‌కి మీవారు ఒక్కరే వెళ్లొద్దు, ఇద్దరూ వెళ్లండి. మాట్లాడేది మీరైతే మంచిది. డ్యూస్ రసీదు మొదట బల్ల మీద పెట్టండి. ఆ తర్వాత మాట తీరే మారిపోతుంది, నేను చాలాసార్లు చూశాను. అక్కడ న్యాయం జరగకపోతే, 209వ అధ్యాయాన్ని ఉల్లంఘించారని చిన్న దావాలు చూసే మీ ప్రాంతపు జస్టిస్ కోర్టులోనే కేసు వేసుకోవచ్చు. నేను లాయర్‌ని కాను. లీన్ నిజంగా పడినా, కోర్టు నుంచి కాగితం వచ్చినా, ఆ రోజే ఒక లాయర్‌ని కలవండి. అంతకుముందు చదువుకోవడానికి టెక్సస్ స్టేట్ లా లైబ్రరీ వెబ్‌సైట్‌లో హెచ్ఓఏల మీద మంచి వివరం ఉంది, ఉచితం.

ఇక గుంత. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆలోచనలో పడేసింది ఈ గుంతే.

ముందు మీ టాక్స్ బిల్లు తీసి చూడండి. టెక్సస్‌లో రాష్ట్ర ఇన్‌కమ్ టాక్స్ లేదు, అందుకే ఇళ్ల మీద పన్ను బరువు ఎక్కువ. ఆ బిల్లులో పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. సిటీ వాటా దానికంటే బాగా తక్కువ. కానీ ఆ కొంచెమైనా, పబ్లిక్ రోడ్డు మీద ఇల్లున్నవాళ్లు ఎంత రేటున కడతారో మీరూ అంతే కడుతున్నారు. వాళ్ల గుంత సిటీ పూడుస్తుంది. మీ గుంత మీరే పూడ్చుకోవాలి. మీ బాధలో న్యాయం ఉంది, అది మీ ఊహ కాదు.

ఇలా ఎందుకైందంటే, ఈ ఊళ్లు పెరిగిన తీరు అలాంటిది. ఫ్రిస్కోలో 1990లో ఉన్నది ఆరు వేల పైచిలుకు జనం. 2020 లెక్కల్లో రెండు లక్షలు దాటారు. అంత జనానికి రోడ్లు, పార్కులు, వాన నీళ్లు నిలిచే చెరువులు ఏర్పాటు చెయ్యడం ఏ చిన్న ఊరి ఖజానాకైనా మోయలేని భారం. డెవలపర్ తన డబ్బుతో వేసి, ఆ ఖర్చు ఇళ్ల ధరలో కలిపి అమ్ముకుంటాడు. వేశాక వాటిని చూసుకునే పని హెచ్ఓఏకి అప్పజెబుతారు. సిటీకి పన్ను వచ్చే ఇళ్లు పెరుగుతాయి, చూసుకోవాల్సిన రోడ్లు పెరగవు. గేటు కావాలనుకున్న కొనుగోలుదారులూ ఉంటారు, గేటు ఉన్న చోట రోడ్డు ప్రైవేట్ అవుతుంది. ఎవరూ మోసం చెయ్యలేదు. కానీ ఒకప్పుడు ప్రభుత్వం పని అనుకున్నది, ఓటేసి అడిగే హక్కున్నది, ఒక ప్రైవేట్ ఒప్పందం కిందికి జారిపోయింది. దాన్ని నడిపేది మనం పేరు కూడా తెలుసుకోని అయిదుగురు, వాళ్లు పెట్టుకున్న ఒక మేనేజ్‌మెంట్ కంపెనీ. హైదరాబాద్‌లో మీవాళ్లు అపార్ట్‌మెంట్‌లో ఉంటే వాళ్లకూ ఇది తెలిసిన బాధే. ఆస్తిపన్ను కార్పొరేషన్‌కి, ట్యాంకర్ నీళ్ల డబ్బు అసోసియేషన్‌కి.

రెండుసార్లు కట్టడం అన్యాయమని గట్టిగా అడిగిన చోట్ల కొంత దారి దొరికింది. న్యూజెర్సీలో 1990లో వచ్చిన చట్టం ప్రకారం, ఇలాంటి ప్రైవేట్ కమ్యూనిటీల్లో మంచు తొలగింపు, వీధి దీపాలు, చెత్త సేకరణ మునిసిపాలిటీ అయినా చెయ్యాలి, లేదా తనకు అయ్యే ఖర్చు మేరకు తిరిగి ఇవ్వాలి. హ్యూస్టన్ సిటీ, చెత్తకు సొంతంగా కాంట్రాక్టు పెట్టుకున్న సబ్‌డివిజన్లకు ఇంటికి నెలకు 6 డాలర్ల చొప్పున చాలాకాలం ఇస్తూ వచ్చింది. చిన్న మొత్తమే. కానీ "మా పని మీరు చేసుకుంటున్నారు" అని సిటీ ఒప్పుకున్నట్టే కదా. మీ సిటీ కౌన్సిల్ మీటింగుల్లో జనం లేచి మాట్లాడటానికి సమయం ఇస్తారు. మూడు నిమిషాలిచ్చినా చాలు. ఒక్కరు కాదు, ఒకే వీధి నుంచి పదిమంది వెళ్లి ఇదే అడగండి. ప్రైవేట్ రోడ్డును సిటీ తీసుకునే పద్ధతి ఉందా అని కూడా అడగండి. చాలా సిటీలు ముందు రోడ్డు బాగుచేసి ఇవ్వమంటాయి, గేటు తీసెయ్యమంటాయి. గేటు వదులుకోవడానికి మీ వీధి ఒప్పుకుంటుందో లేదో మీలో మీరు తేల్చుకోవాలి. నన్నడిగితే వదులుకోమంటాను. ఆ గేటు ఆపే దొంగల కంటే, అది తెచ్చిపెట్టే రోడ్డు ఖర్చే పెద్దది.

ఈలోపు గుంత పూడ్చించే దారి హెచ్ఓఏలోనే ఉంది. బడ్జెట్, బ్యాంకు లెక్కలు, రోడ్డు కాంట్రాక్టులు చూపించమని సర్టిఫైడ్ మెయిల్‌లో అడగండి, పది పనిదినాల్లో జవాబివ్వాలి. రోడ్ల కోసం పక్కన పెట్టిన నిధి ఎంత ఉందో అందులో తెలుస్తుంది. అసలు ఆందోళన అక్కడుంది. నిధి లేకుండా డ్యూస్ తక్కువగా ఉంచితే ఏదో ఒక రోజు ఇంటింటికీ వేలల్లో స్పెషల్ అసెస్‌మెంట్, అంటే డ్యూస్ కాక అదనంగా వేసే వసూలు, వస్తుంది. డ్యూస్ పెంచడం, స్పెషల్ అసెస్‌మెంట్, బడ్జెట్ మార్చడం లాంటివి ఓనర్లు కూర్చునే ఓపెన్ మీటింగ్‌లోనే తేల్చాలి. మామూలు మీటింగ్ కబురు కనీసం 144 గంటల ముందు తెలియాలి.

మా ఊళ్లో చెరువుకు నీరటి ఉండేవాడు. తూము ఎత్తడం, దించడం, కాలవ చూసుకోవడం ఆయన పని. చెరువు కింద మడి ఉన్న రైతులంతా పంటలో ఇంత అని కొలిచి ఇచ్చేవారు. అది కూడా సర్కారు చెయ్యని పనే, ఊరు తనకు తానుగా నడుపుకున్నది. అయితే నీళ్లు రాని రోజు ప్రతి రైతూ కట్ట మీదికొచ్చి అడిగేవాడు. మన సబ్‌డివిజన్లలో డ్యూస్ ఆటోపే పెట్టేసి, మీటింగ్ ఈమెయిల్ చదవకుండా డిలీట్ చేసేస్తాం. నేనూ మొదటి ఆరేళ్లు అలాగే చేశాను.

మనవాళ్లు తరచూ అనే మాట ఒకటుంది. "మనం హెచ్-1బీ మీద ఉన్నాం, గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు, మన మాట ఎవడు వింటాడు?" సిటీ ఎన్నికల్లో ఓటు సిటిజన్లకే, నిజమే. హెచ్ఓఏలో ఓటు పౌరసత్వాన్ని బట్టి రాదు, ఇంటి దస్తావేజును బట్టి వస్తుంది. డ్యూస్ బాకీ ఉన్నా మీ ఓటు తీసెయ్యడం కుదరదని టెక్సస్ చట్టం చెబుతోంది. అంటే ఈ దేశంలో మీకు ఇప్పుడే, ఈ ఏడాదే ఓటున్న ఒకే ఒక్క చోటు మీరు ఇంత కోపంగా ఉన్న ఆ హెచ్ఓఏ. మీ సబ్‌డివిజన్లో మన ఇళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కేసుకోండి. ఉగాదికి, బతుకమ్మకు క్లబ్‌హౌస్ బుక్ చేసుకునే వాట్సాప్ గ్రూపు ఉంటుంది కదా, వార్షిక మీటింగ్ తేదీ అందులో వెయ్యండి. తెలుగు ఇళ్లే కాదు, ఆ గుంత ముందున్న ప్రతి ఇంటి తలుపూ తట్టండి. కొత్త సబ్‌డివిజన్ అయి బోర్డు ఇంకా డెవలపర్ చేతిలో ఉంటే, ముప్పావు వంతు లాట్లు అమ్ముడైన 120 రోజుల్లోపు కనీసం మూడో వంతు సభ్యుల్ని ఓనర్లే ఎన్నుకోవాలి. ఆ ఎన్నిక జరిగిందో లేదో కూడా అడగండి.

సిటీ హద్దుల బయట ఇళ్లు కొంటున్న మీ స్నేహితులకు ఒక మాట చెప్పండి. అక్కడ చాలాచోట్ల నీళ్లు, డ్రైనేజీ చూసే మడ్, అంటే మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్, హెచ్ఓఏతో పాటు ఉంటుంది. దాని పన్ను వేరు. అది ప్రైవేట్ కాదు, ప్రభుత్వ సంస్థే. రికార్డులు అడిగితే ఇవ్వాలి. కొనేముందే రేటు కనుక్కోవాలి.

ఇల్లు అమ్ముదామా అని అడిగారు. వద్దు. ఈ ఊళ్లలో ఇంకో కొత్త ఇల్లు కొన్నా ఇంకో హెచ్ఓఏలోకే వెళతారు, అక్కడ మొదటి నుంచి మొదలు.

అత్తయ్య గారి సంగతి మాత్రం నాకు మనసులోంచి పోవడం లేదు. పరాయి దేశంలో పగలంతా ఒంటరిగా ఉండే పెద్దావిడ, నాలుగు ఆనపకాయలు కోసి కొడుకూ కోడలికి వండిపెడదామనుకున్నారు. ఫైనూ లాయరూ ఆవిడ వల్ల రాలేదని మీ నోటితోనే చెప్పండి. లాయర్ దాకా వచ్చింది డ్యూస్ ఆపినందుకు, పాదు పెట్టినందుకు కాదు. పందిరిని పెరట్లోకి, ఫెన్స్ ఎత్తు దాటకుండా, వీధిలోకి కనిపించని మూలకు మార్చండి. ఎత్తు, వెడల్పు, ఏ కర్ర వాడతారో రాసి, ఒక బొమ్మ గీసి ఆర్కిటెక్చరల్ కమిటీకి అప్లికేషన్ పెట్టండి. ఆ బొమ్మ ఆవిడ చేతే గీయించండి. మన ప్రాంతంలో మంచు భయం పోయి ఆనపగింజ నాటేది మార్చి ఆఖరున. కమిటీ జవాబుకు చాలాచోట్ల నెల రోజులు పడుతుంది. ఫిబ్రవరి మొదట్లోనే పంపితే, గింజ నాటే వేళకు అనుమతి కాగితం చేతిలో ఉంటుంది.